కూరకి పనికిరాని చేపకి బువ్వ

సముద్రం మీద బతికిన వంశం మాది. చేపని పట్టాం, ఎండబెట్టాం, అమ్మాం, తిన్నాం. చేపకి తిండి పెట్టే పని మాత్రం మావాళ్ళెవరూ చెయ్యలేదు. నేను చేశాను, అదీ పోర్టులో కలాసీగా రిటైరయ్యాక, రెండు వేల సంవత్సరం దాటినాక. నలభై నిండాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దినవాణ్ణి. కొత్త పని ఏ వయసులో మొదలెట్టినా నాకు సిగ్గులేదు.

తొట్టి ఇచ్చింది మా వీధిలో ఉండే స్టీలు ప్లాంటు ఉద్యోగి. గోదావరి జిల్లా మనిషి. చుట్టరికం ఏమీ లేదు, అయినా బావా అంటే బావా అనుకుంటాం. ఆయన పెద్ద తొట్టి కొనుక్కుని పాతది నాకిచ్చేశాడు. సముద్రపు నీటి తొట్టి. అందులో రాళ్ళు, రాళ్ళ మీద పువ్వుల్లా విచ్చుకునే మెత్తటి పగడపు జీవాలు. కొన్నాళ్ళకి ద్వారకా నగర్‌లో ఒక కొట్లో చేప ఒకటి కనబడింది. చూపుడు వేలంత ఉంటుంది. ఒంటినిండా నీలం మీద నారింజ మెలికలు. పొలుసన్నది లేదు. వదల్లేక తెచ్చేశాను.

మా ఆవిడ వంగి చూసింది. "ఓలమ్మో, ఒళ్ళంతా జిడ్డే. పులుసుకీ పనికిరాదు, ఏపుడుకీ పనికిరాదు. ఏటి సేత్తావ్ మావా దీన్ని?"

"సూత్తాను."

"సూడ్డానికి నాను సాల్లేదేటి?"

ఆ చేప పొడి మేత ముట్టలేదు. రొయ్య తురిమి వేసినా ముట్టలేదు. బావకి చెబితే నవ్వాడు. "అది బతికున్న కోపిపాడ్లు తప్ప ఇంకోటి తినదు బావా. నువ్వే పెంచుకోవాలి మరి." తన దగ్గరున్న నీళ్ళు ఒక సీసాడు పోసిచ్చాడు. కోపిపాడ్లంటే సముద్రంలో ఉండే నలుసంత పురుగులు. గాజు గ్లాసుతో ముంచి ఎండకి ఎత్తి చూస్తే తెల్లటి చుక్కలు చిటుక్కు చిటుక్కుమని దూకుతాయి.

డాబా మీద, నీడ పట్టున, సగానికి కోసిన నీలం డ్రమ్ములో వాటిని పెంచాను. వాటికీ తిండి కావాలి కదా. సీసాల్లో సముద్రపు నీళ్ళు పోసి, చిటికెడు ఎరువేసి ఎండలో పెడితే పచ్చగా మారతాయి. ఆ పచ్చనీళ్ళు వాటి బువ్వ. చిన్న మోటారు పగలూ రాత్రీ బుడగలు వదులుతూ ఉండాలి. పొద్దున్నే గుడ్డతో వడగట్టి, గుడ్డకి అంటుకున్న పురుగుల్ని తొట్టిలో జాడిస్తే మా చేప రాయి రాయికీ తిరిగి ఏరుకు తినేది. దాని పొట్ట గుండ్రంగా తేలితే నాకు కడుపు నిండేది.

"ఊళ్ళో అందరూ కోళ్ళని పెంచుతారు. మా మావ సముద్రం పేలు పెంచుతున్నాడు," అని మా ఆవిడ కనబడినవాళ్ళందరికీ చెప్పేది.

ఆ ఏడు దసరా వచ్చింది. ఆయుధపూజ మా ఊళ్ళో చిన్న పండగ కాదు. క్రేన్లకీ లారీలకీ బోటు ఇంజన్లకీ బొట్టు పడాల్సిందే. మా ఆవిడ కత్తిపీట, కుట్టు మిషను, నా సైకిలు, అన్నీ కడిగి బొట్లు పెట్టింది. నేను బజారు నుంచి వచ్చి డాబా ఎక్కితే బుడగల మోటారుకీ బొట్టుంది. డ్రమ్ము అంచు మీద నిమ్మచెక్కలు. లోపల నీళ్ళు పచ్చగా లేవు, పసుప్పచ్చగా ఉన్నాయి.

"డ్రమ్ములో ఏటి పోసేవే?"

"పసుపు నీళ్ళు సల్లేను. పొద్దస్తమానం పని సేసేది ఆ మోటారే కదేటి. దానికి మాత్రం పూజ ఒద్దా?"

"సల్లితే ఇంతేటి? సెంబుడు పోసేవు!"

"పురుగులు కూడా సల్లగుండాలని పోసేను. నాకేటి తెల్సు!"

గ్లాసు ముంచి ఎత్తాను. ఒక్క చుక్కా దూకలేదు. గ్లాసు అడుక్కి తెల్లటి ధూళి దిగింది, అంతే. బావ దగ్గరికి పరిగెత్తాను. తాళం. పండక్కి ఊరెళ్ళాడు.

తొట్టిలో రాళ్ళకి అంటుకున్నవి ఏవో కొన్నుంటే వాటితో చేప కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. తర్వాత రాయి రాయికీ తిరగడమే, నోట్లోకి ఏమీ రావడం లేదు. పొట్ట లోపలికి పోయింది. తల వెనక సన్నబడింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే పోతుందని నాకు తెలుసు. మా ఆవిడా పచ్చి రొయ్యని మెత్తగా నూరి పెట్టింది, గుడ్డుసొన పెట్టింది. అది మొహం తిప్పేసుకుంది.

ఒక పొద్దున్న ఆవిడే బకెట్టూ నా పాత నూలు పంచా తీసుకుని గుమ్మంలో నిలబడింది. "సీసాలో వొచ్చిన పురుగులు సముద్రంలో ఉండవేటి? లెగు."

రుషికొండ దాటి రాళ్ళున్న చోట దిగాం. నీరు వెనక్కి తగ్గిన వేళ. రాళ్ళకి పట్టిన పచ్చ నాచు ఆవిడ గోళ్ళతో గీకి తెస్తుంటే నేను బకెట్లో జాడించి, పంచలో వడగట్టాను. ఎండకి ఎత్తి చూస్తే దూకుతున్నాయి. ఆవిడ చూసి, "పేలే! పేలే!" అని చిన్నపిల్లలా అరిచింది. అటు వెళ్తున్నవాళ్ళు ఆగి మరీ చూశారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు కండక్టరు బకెట్టుకి అడ్డం తగిలాడు. "సేపల బకెట్టు ఎక్కించకూడదమ్మా. వాసన."

"సేపలు కావు బాబూ. సేపల బువ్వ. వాసనొత్తే నన్ను దించీ."

అతను మూత తీసి చూశాడు. ఏమీ కనబడక మా ఇద్దరి మొహాలూ చూసి, లోపలికి పొమ్మన్నాడు.

ఇంటికి రాగానే సగం తొట్టిలో పోశాను. మిగతా సగం కడిగి ఎండబెట్టిన డ్రమ్ములోకి. చేప రాయి సందులోంచి వచ్చి ఆగింది. కన్ను అటు తిప్పింది, ఇటు తిప్పింది. తర్వాత ఒక్క పోటు పొడిచింది. మళ్ళీ పొడిచింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "తింతంది మావా, తింతంది," అంటూ ఉండిపోయింది. పొయ్యి మీద పాలు పొంగినా కదల్లేదు.

డ్రమ్ము కోలుకోవడానికి కొన్ని వారాలు పట్టింది. ఈలోగా మేం మరో రెండు మూడుసార్లు రాళ్ళ దగ్గరికి వెళ్ళాం. నిజం చెప్పాలంటే, చివరిసారి వెళ్ళాల్సిన అవసరం లేదు.

బావ ఊళ్ళో లేనప్పుడు కరెంటు పోయి ఆయన మోటారు ఆగిపోయిందట. ఆయన పురుగులూ పోయాయి. మా డ్రమ్ము కోలుకుందని తెలిసి సీసా పట్టుకుని మా డాబా ఎక్కాడు. "చెల్లెమ్మా, మాకూ ఓ సీసాడు పొయ్యమ్మా."

మా ఆవిడ డ్రమ్ములో చెంబు ముంచి నిండా పోసింది. "తీస్కెళ్ళన్నయ్యా. రుషికొండ సరుకు. పసుపు మాత్రం సల్లకు."