నూరువరహాల పొదలూ పదకొండు సీతాకోకచిలుకలూ

మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో తాత్కాలిక ఓవర్సీరుగా చేరినప్పుడు నాకు అప్పజెప్పిన పనులు నాలుగు: బావి పంపు, మురుగు కాలువలు, పైకప్పు పెంకులు, నీళ్ల తొట్లు. ఐదోది కొన్నాళ్లకు వచ్చింది. పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిపించి, పడమటి వార్డు వరండా ముందు సీతాకోకచిలుకలు వచ్చే తోట కావాలన్నారు. నెలల తరబడి మంచం దిగకూడని రోగుల కళ్లముందు ఏదో ఒకటి కదలాలట. చలికాలం పోయాక మద్రాసు నుంచి కమిటీ పెద్దాయన వస్తాడనీ, ఆయనకు సీతాకోకచిలుకలంటే ప్రాణమనీ, నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద సంతకం పెట్టేది ఆయనేననీ కూడా చెప్పారు.

ఆ సంతకం నాకు చాలా అవసరం. కుప్పంలో మా నాయన ఉగాది దాకా గడువు పెట్టాడు. అప్పటికి ఉద్యోగం ఖాయం కాకపోతే పుంగనూరులో మా మామ బెల్లం మండీలో కూర్చోవాలి. మా మామకు నేనంటే చాలా ఇష్టం. నా భయమంతా అదే.

ఓవర్సీరు చదువులో కల్వర్టు కట్టడం నేర్పారు గాని సీతాకోకచిలుకను రప్పించడం నేర్పలేదు. అయినా పద్ధతి పద్ధతే. అంగుళానికి ఎనిమిది అడుగుల చొప్పున ప్లాను గీశాను. తేనె ఎక్కువుండే పూలేవో నలుగురినీ అడిగి జాబితా రాశాను. గాలికి అడ్డంగా మందారం, ఎండ బాగా పడేచోట నూరువరహాలు, అంచు వెంబడి బంతి.

నూరువరహాల పొదలు పుంగనూరులో అత్తరు అమ్మే ఒక సాయిబుగారి పెరట్లో ఉన్నాయని తెలిసి వెళ్లాను. సీతాకోకచిలుకల కోసమని చెప్పాను. ఆయన నా ముఖం కాసేపు చూసి, ఆసుపత్రిలో నేను పనిచేసేవాణ్ణా, వైద్యం చేయించుకునేవాణ్ణా అని మర్యాదగా అడిగాడు. ఏ జవాబైనా తనకు ఒకటే అన్నట్టు పన్నెండు పొదలను కిరసనాయిలు డబ్బాల్లో పెట్టి ఇచ్చాడు. యుద్ధం రోజులు కనక బస్సు బొగ్గుతో నడిచేది. ఎత్తు వచ్చినప్పుడల్లా ప్రయాణికులం దిగి తోశాం. పొదలు మాత్రం టాపు మీదే కూర్చున్నాయి.

వానలు పడి పొదలు మొగ్గలేశాక ఒక రిజిస్టరు తెరిచాను. అందులో మూడు గడులు: టైము, పూలు, సీతాకోకచిలుకలు. రోజూ పది గంటలకు వెళ్లి రాసేవాణ్ణి. పద్నాలుగు రోజులు పూలూ సున్నా, సీతాకోకచిలుకలూ సున్నా. పదిహేనో రోజు ఒకటి వేశాను. దగ్గరికెళ్లి చూస్తే బస్సు టిక్కెట్టు. కొట్టేశాను.

సాయంత్రం వందల మొగ్గలుండేవి. పొద్దున ఒక్క పువ్వూ లేదు. ఒకరోజు తెల్లవారుతుండగానే వెళ్లి వార్డు మెట్ల మీద కూర్చున్నాను. మొదట నర్సులు వచ్చి జడల్లోకి కోసుకున్నారు. తర్వాత ప్రార్థన మందిరం ఊడ్చే ఆయన అక్కడి బల్లమీది కూజాలోకి, ఆ తర్వాత రోగుల బంధువులు దిండు కింది దేవుడి పటాలకు. మిగిలినవి మా తోటమాలే బుట్టలో వేసుకున్నాడు. ఎవరికీ దురాశ లేదు, తలా ఒక దోసెడే. మా నాయనకంటే పెద్దవాడైన ఆ తోటమాలిని నిలదీశాను.

"పొద్దెక్కినాక చెట్టుమీద పువ్వుంటే అది ఆడమనిషి లేని కొంప అనుకుంటారప్పా. ఊరికే యాల వాడనిచ్చేది?"

సీతాకోకచిలుకల కోసమన్నాను.

"అవి అడిగినాయా?"



'పూలు కోయరాదు' అని బోర్డు పెట్టాను. అంటే అవి పెద్ద డాక్టరమ్మ పూలని అందరికీ అర్థమైంది. మరునాడు ఒక్కటి కూడా వదలకుండా కోసి భక్తిగా ఆమె బల్లమీద పెట్టారు. తోట బాగా పూస్తోందని ఆమె నన్ను మెచ్చుకున్నారు. బోర్డు మార్చి 'ఈ పూలు సీతాకోకచిలుకలవి' అని రాశాను. ఒక రోగి తల్లి ఆ బోర్డుకు కుంకుమ పెట్టి, పూలన్నీ కోసి దానికే అలంకరించింది.

పెద్దాయన వచ్చే ముందురోజు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, రేపు తమకోసం ఒక్క పువ్వూ కోసుకోబోమని మాట తీసుకున్నాను. అందరూ మాట నిలబెట్టుకున్నారు. ఎనిమిది గంటలకు మూడువందల పన్నెండు పూలు, రెండు సీతాకోకచిలుకలు. స్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకొచ్చేసరికి పొదలన్నీ బోడి. మద్రాసు నుంచి అంత పెద్దమనిషి వస్తుంటే దండ లేకుండా ఎట్లా అని అంతా కలిసి కోసి గుచ్చారు. తమకోసం ఎవరూ కోసుకోలేదు.

ఆయన తెల్ల సూటులో, మోకాళ్ల దాకా వేలాడే దండతో, పన్నెండు బోడి పొదల ముందు నిలబడ్డాడు. నా ఒక చేతిలో ప్లాను, ఇంకో చేతిలో రిజిస్టరు. డాక్టరమ్మ నావైపు చూశారు. నా ముక్కుకు బెల్లం వాసన తగిలింది.

అప్పుడు పసుపుపచ్చ సీతాకోకచిలుక ఒకటి వచ్చింది. పొదలన్నీ వరసగా తిరిగి చూసి, ఆయన ఎడమ భుజం మీద వాలింది. తర్వాత రెండు నల్లవి వచ్చాయి. తర్వాత ఇంకొన్ని.

"కదలకండి సార్," అన్నాను.

ఆయన ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు. వరండాలో రోగులు మంచాల మీద లేచి కూర్చున్నారు. తోటమాలి నా చెవి దగ్గరకొచ్చి, "ఈయప్పను ఈడనే పెట్టుకుందాం," అన్నాడు.

పదకొండు లెక్కపెట్టాను. పూలు సున్నా అని రాసి, స్థలం అని నాలుగో గడి గీసి, అందులో 'అతిథి' అని వేశాను. ఆయన రిజిస్టరు చూసి చాలాసేపు నవ్వాడు. మధ్యాహ్నం కాగితం మీద సంతకం పెట్టాడు.

ఖాయమైన ఉద్యోగపు ఉత్తర్వులో పనులు ఐదు. మొదటి నాలుగూ పాతవే. ఐదోది డాక్టరమ్మ చేతిరాతలో ఉంది. రోగుల కోరికపై ప్రతి శనివారం పది గంటల నుంచి అరగంట సేపు ఓవర్సీరు దండ వేసుకుని తోటలో నిలబడవలెను.

ఉగాది ముందటి శనివారం మా నాయన చెప్పకుండా కుప్పం నుంచి వచ్చాడు. నేను దండతో నిలబడి ఉన్నాను, కదలడానికి లేదు. ఆయన వరండాలో రోగుల పక్కన కూర్చుని, పదిన్నర దాకా నన్నే చూశాడు. దండ తీశాక దగ్గరికొచ్చి ఎన్ని వచ్చాయని అడిగాడు. పద్నాలుగని చెప్పాను.

"నీ వీపు మీద ఒకటి కూసోనుండె," అన్నాడు. "పదైదు అని రాసుకో."