తేలిన గింజలు

సూరత్ అడాజన్‌లో, బ్యాంకు నుంచి రిటైరైన వెంకటాచలంగారు కాకర గింజలు నానబెడితే అదొక యజ్ఞం. గోళ్ల కత్తెరతో మొన గిల్లి, గోరువెచ్చని నీళ్లలో వేసి, పైకి తేలినవాటిని తాలు గింజలని పారేసి, అపార్ట్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లకి ఉపన్యాసమిస్తారు. పన్నెండు గంటలు చాలని అందరికీ చెప్పి, ఎక్కువ నానితే ఎక్కువ బలమని ఈసారి తనవి మాత్రం మూడు రోజులుంచారు. అవి కుళ్లి కంపుకొట్టాయి.

తేలాయని ఆయన పారేసినవాటిని మెట్లు తుడిచే నర్సవ్వ పాత రంగు డబ్బాలో గుచ్చింది. పది రోజులకి మొలిచాయి.

"జర జూడుండ్రి సారూ, గివి మీరు పారేసినయే!" అంది మురిసిపోతూ.

ఆయన కళ్లజోడు సవరించుకుని, ఆమెని పక్కకి జరగమని, మొలకల్ని ఫోటో తీసి సొసైటీ గ్రూపులో పెట్టారు: "నా పద్ధతి ఫలితం. గింజని గుర్తుపట్టే కన్నుండాలి."