పాళీల డబ్బాలో అల్లుళ్ల గిన్నె

మా మామ పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను హిందూపురంలో, నా రిపేరు దుకాణంలో ఒక మిక్సీ విప్పుతున్నాను. ధర్మవరం నుంచి బామ్మర్ది ఫోను. "బావా, నాయన లేడు" అన్నాడు. ఆ వెంటనే పెట్టేశాడు. చేతుల గ్రీసు చేతులకే ఉండగా వచ్చి దుకాణం మెట్టు మీద కూలబడ్డాను. కాసేపటికి, చెప్పవలసిన వాళ్లకు చెప్పాలి కదా అని పరిగిలో ఉన్న ఆయన చెల్లెలికి ఫోను కలిపాను.

"పోప్పా, నీ కతలు ఆపు. పొద్దున్నే నేనే దొరికితినా నీకు?" అని ఆమె నవ్వింది.

"నిజం అత్తా."

"మొన్న గూడ ఇట్లనే గదా, కరెంటోళ్లు వస్తాండారని చెప్పి నాతో ఫ్రిజ్జు మీద దుప్పటి కప్పిచ్చినావు?"

ముదిగుబ్బలో మా మామకు ఒక పాత స్నేహితుడు ఉన్నాడు. ఆయన ఇంకో అడుగు ముందుకేసి, "యాడ, మీ మామనే ఫోన్లోకి పిలువు. ఆయప్పనే అడుగుతా" అన్నాడు. బదులు చెప్పలేకపోయాను. అప్పుడు నమ్మాడు ఆయన. నా జన్మలో మొదటిసారి, మాట్లాడకపోవడం వల్ల ఒక మనిషి నన్ను నమ్మాడు.

మా మామ పట్టుచీరల అంచులు గీసేవాడు. నేసేవాడు కాదు, గీసేవాడు. గడులు గడులుగా ఉండే గ్రాఫు కాగితం మీద చిలకనో హంసనో మామిడిపిందెనో గీసి, లోపలి గడులన్నీ ఇంకుతో నింపి ఇస్తాడు. దాన్ని చూసి ఇంకొకరు అట్టలకు బెజ్జాలు కొడతారు. ఆ అట్టలు మగ్గం పైకెక్కి తిరుగుతుంటే, కాగితం మీది ఒక్క చిలక చీర పొడుగునా మళ్లీ మళ్లీ దిగుతుంది. అంటే కాగితంలో ఒక గడి తప్పితే చీరంతా ఆ తప్పు ఉంటుంది. "నీ మిక్సీ మాదిరి కాదప్పా, విప్పి మళ్లా బిగిచ్చేకి" అనేవాడు నాతో. ఊళ్లో గీతగాళ్లందరూ కంప్యూటర్లకు మారిపోయినా, ఆయన మాత్రం సిరాబుడ్డిలో పాళీ ముంచి గీయడం మానలేదు.

ఆ పాళీల పిచ్చి అంతా ఇంతా కాదు. బెంగళూరు పోయే ప్రతివాడికీ చెప్పి పంపేవాడు, పాత పుస్తకాల అంగళ్లలో ఎక్కడైనా పాళీలు మిగిలి ఉంటే పట్టుకురమ్మని. వచ్చినవన్నీ ఒక పోపుల డబ్బాలో దాచుకునేవాడు. వంటింట్లో ఆవాలూ జీలకర్రా పోసుకునే డబ్బానే, మా అత్త దగ్గర కాజేసింది. నేను కొత్త అల్లుడిగా వెళ్లినప్పుడు దాని మూత తీసి ఒక్కో గిన్నె చూపించాడు.

"ఇవి కోడండ్లు. కొత్తవి. ఒంటికి నూనె ఉంటాది, ఇంకు నిలబడదు. పొగరు దిగేదాకా మనం ఓపిక పట్టాల. ఇవి అత్తలు. ఏండ్లుగా నా చేతికి అరిగినవి. ఇంగొకరి చెయ్యి పడితే మాట వినవు. ఇవి వియ్యపురాండ్లు. చూసేకి వెడల్పుగా దర్జాగా ఉంటాయి గానీ బుడ్డి బుడ్డి ఇంకు తాగుతాయి. ఇవి అవ్వలు. మొన మొద్దుబారిపోయినవి. గడులు నింపేకి వీటంత నిదానం ఎవరికీ రాదు."

చివరి గిన్నెలో వంకర పోయినవి, మొన పక్కకు తిరిగినవి, రెండుగా చీలిన మొనలో ఒక కాలు ఎడంగా జరిగినవి ఉన్నాయి. "ఇవేం మామా?" అన్నాను.

"ఇవి అల్లుండ్లు" అని నా మొహంలోకి చూశాడు. "గీసేకి రావు. పారేసేకి మనసు రాదు."

తాళి కట్టిన చేతికి పసుపు ఇంకా పోలేదు నాకు. ఇంట్లో ఆడవాళ్లందరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. ప్రతి పాళీ మీదా నంబరు ఉంటుంది కదా, ఆ నంబర్ల ప్రకారం సర్దుకోకుండా ఈ చుట్టరికాలేమిటని అడిగాను. "నంబరు అంగడోనికప్పా. నాకు దాని గుణం కావల్ల" అన్నాడు. పదో తరగతి దాటలేనివాడిని, ఇంతకంటే గొప్ప చదువు నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు నా దుకాణంలో స్క్రూలకు కూడా పేర్లున్నాయి. ఎవరి పేర్లో చెప్పను, ఇంట్లో అన్నం తినాలి.

అల్లుళ్ల గిన్నెకు బదులు తీర్చుకోకుండా ఊరుకునే రకం కాదు నేను. కొత్త పాళీకి ఉన్న నూనె పోవడానికి ఆయన దాన్ని కాసేపు నోట్లో పెట్టుకునే అలవాటు. ఒక పండక్కి వెళ్లినప్పుడు కోడళ్ల గిన్నెకంతా వేపరసం పట్టించాను. తలుపు చాటు నుంచి నేనూ బామ్మర్దీ చూస్తున్నాం. ఆయన పాళీ నోట్లో పెట్టుకున్నాడు. ముఖంలో ఒక్క గీత కదలలేదు. తీరుబడిగా చప్పరించి, "మా నాయన గుర్తుకొచ్చినాడు. పొద్దున్నే వేపపుల్ల నమిలిచ్చేవాడు" అని పని చేసుకుంటూ పోయాడు.

ఆ మధ్యాహ్నం భోజనం చేసి నిద్రపోయాను. లేచి రైలెక్కాను. పెట్టెలో అందరూ నన్ను చూసి ముసిముసిగా నవ్వుతున్నారు. పెనుకొండ స్టేషన్లో టీ అమ్మే అతను గ్లాసు అందిస్తూ, "ఏమన్నా, చిలక జోస్యం చెప్తావా? చెయ్యి చూపిచ్చల్లా, పంజరం ఉండాదా?" అన్నాడు. కిటికీ అద్దంలో చూసుకుంటే నా చెంప మీద ఒక చిలక. ఈకలతో సహా, ధర్మవరం అంచులో ఉండేంత అందంగా. సబ్బుకు పోలేదు, కిరసనాయిలుకు పోలేదు. నిద్రలో ఉన్నవాడు లేవకుండా అంత సన్నటి గీత గీసిన చెయ్యి అది.

ఆ తరువాత ఆయన నోట్లో పెట్టుకోవడం మానేసి, కొత్త పాళీలను ఉర్లగడ్డలో, అదే బంగాళాదుంపలో, గుచ్చి పెట్టడం మొదలుపెట్టాడు. గడ్డలోని తడికి నూనె విడిచిపోతుందట. మా అత్త కూరకని బుట్టలో చెయ్యి పెట్టి, "ఉర్లగడ్డలకు గూడ ముండ్లు మొలిచ్చె ఈ ఇంట్లో" అని కేకలు పెట్టేది.

పాళీ సంగతి ఇట్లా ఉంటే, దాన్ని గుచ్చుకునే పిడి సంగతి వేరు. దాన్ని ఆయన కర్ర అనేవాడు. ఎవరైనా గీయడం నేర్చుకుంటామని వస్తే ముందు కాగితం ఇచ్చేవాడు కాదు. సంగటి పెట్టించేవాడు. ఎదురుగా కూర్చుని, వాళ్లు ముద్దను ఎట్లా తుంచుతారో, ఏ వేళ్లతో పడతారో, బొటనవేలు ఎక్కడ ఆనిస్తారో చూసేవాడు. "కలం పట్టుకో అంటే మనిషి చెయ్యి బిగిచ్చి యేషం ఏస్తాడు. ఆకలైనప్పుడు ముద్ద పట్టే చెయ్యి యేషం ఎయ్యదు" అనేవాడు. అది చూసి, సన్న కర్రో లావు కర్రో, నున్నటిదో గరుకుదో ఎంచి ఇచ్చేవాడు. నాకూ సంగటి పెట్టి చూశాడు. "నువ్వు ముద్దను స్క్రూడ్రైవరు పట్టినట్ల పడతాండావు. నీకు కర్ర వద్దులేప్పా" అన్నాడు.

మా అత్తకు ఒకే ఒక్క కొరత ఉండేది. "ఊరి ఆడోళ్లందరికీ అంచులు గీసినాడు మీ మామ. నా పెండ్లి చీరకు గూడ ఇంగొకరు గీసిన అంచే" అనేది, ఆయనకు వినపడేటట్టు.

"గీస్తా లేమే, గీస్తా."

"ఎప్పుడు? నన్ను కట్టెల మీద పెట్టినాకనా?"

ఎప్పుడూ ఎవరిదో పెళ్లికి అర్జంటు అంచు ఉండేది. ఇంటామె చీర ఎక్కడికీ పోదు కదా అనుకున్నాడు. చీర పోలేదు గానీ చెయ్యి పోయింది. పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక, మాట కొంచెం కూడబలుక్కునే స్థితికి వచ్చాక, నన్ను దగ్గరికి పిలిచి ఆయన అన్న మొదటి మాట ఇది: "మీ అత్తకు అంచు గీయల్ల."

కర్ర చేతిలో పెడితే నిలబడలేదు. జారి పడింది. ఇంకొకటి పెట్టాం, అదీ పడింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నా నోటికి ఆ పూట ఒక్క జోకూ రాలేదు.

మర్నాడు మా అత్త కంచంలో సంగటి తెచ్చి ముందర పెట్టి, "కుడి చేత్తోనే తిను. డాక్టరు చెప్పలేదా? ఎడం చెయ్యి పెట్టినావంటే తట్ట ఎత్తుకపోతా" అని కూర్చుంది. ఆయన చెయ్యి మెల్లగా వచ్చింది. వేళ్లతో తుంచలేకపోయాడు గానీ, అరచేయంతా చుట్టి ముద్దను గట్టిగా పట్టుకున్నాడు. ముద్ద జారలేదు. నేను లేచి నిలబడ్డాను. ఆయన చెప్పిన పరీక్ష ఆయనే నా ఎదుట పాసవుతున్నాడు. చెయ్యి మారింది, అంతే. కర్ర కూడా మారాలి.

తిరుగు రైల్లో పెనుకొండలో దిగాను. అక్కడ మంచం కోళ్లు చెక్కే లేతు మిషను అతను ఉన్నాడు. పిడికిలి మూసి చూపించి, ఇంత లావు కర్ర, తేలిక చెక్కతో, కొసకు పాళీ పట్టేంత చీలిక కావాలన్నాను. అతను చేసి ఇచ్చి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమన్నా, పప్పుగుత్తికి పాళీ పెడతాండావు? పప్పు ఎనిపి కతలు రాస్తావా?" అన్నాడు. చూడ్డానికి అది అట్లాగే ఉంది మరి.

మళ్లీ ధర్మవరం వెళ్లి ఇస్తే, ఆ పప్పుగుత్తి మామ చేతిలో నిలిచింది. కానీ చెయ్యి పక్కకు వాలిపోతోంది. పాళీ ఒక కాలు మీదే నిలబడి కాగితాన్ని గీరుతోంది. ఇంకు చింది, కాగితమంతా చుక్కలు. కోడళ్లు అయిపోయాయి. అత్తలు అసలు మాట వినలేదు. వియ్యపురాళ్లు మడుగులు కట్టాయి. అవ్వలు కూడా చేతులెత్తేశాయి. నేను డబ్బా మూత పెట్టబోయాను.

"అన్నీ చూస్తిరి" అంది మా అత్త గడప మీద నుంచి. "ఆ అల్లుండ్ల గిన్నె ఏం పాపం చేసె?"

అందులోంచి ఒకటి తీసి గుచ్చాను. ఎప్పుడో కింద పడి మొన పక్కకు వంగిన పాళీ. ఆయన చెయ్యి ఏ పక్కకు వాలుతోందో, అది సరిగ్గా దానికి ఎదురు పక్కకు వంగి ఉంది. మామ కాగితం మీద ఆనించి లాగాడు. చిందలేదు. గీరలేదు. సన్నటి గీత, కొంచెం వణుకుతూ, కానీ తెగకుండా వచ్చింది. వంకర చేతికి వంకర పాళీ. రెండూ కలిసి తిన్నగా నిలబడ్డాయి.

ఆయన నా వైపు చూసి, పక్కకు పోయిన నోటితోనే నవ్వాడు. "అల్లుడు పనికొచ్చె" అన్నాడు.

"పాళీనా, నేనా మామా?"

ఆయన గీసుకుంటూ పోయాడు.

ఒక్క చిలక పూర్తి కావడానికి ఆ వానాకాలమంతా పట్టింది. రోజుకు ఇన్ని గడులని లేదు. చెయ్యి ఒప్పుకుంటే గీసేవాడు, లేకుంటే ఉర్లగడ్డలో పాళీలు గుచ్చుకుంటూ కూర్చునేవాడు. చివరికి అట్టలు కొట్టే అతను కాగితం తీసుకోవడానికి వచ్చాడు. వెలుతురుకు పట్టి చూసి, మొహమాటపడుతూ, "అయ్యా, చిలక ముక్కు ముందర ఒక గడి ఎక్కువ నిండినట్లుండాది. చెయ్యి అదిరినట్లుంది. తీసేసి కొడదునా?" అన్నాడు.

మామ తల వంచుకున్నాడు. జీవితమంతా ఒక గడి తప్పనివాడు.

మా అత్త కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం తీసుకుంది. "ఏది?" అని వెతికి, ఆ నల్లటి గడి మీద వేలు పెట్టింది. "ఇది తప్పు కాదప్పా, గింజ. ఇన్నేండ్లకు ఆయప్ప చిలకకు మేత పెట్టినాడు. నువ్వు వచ్చి లాక్కుంటావా? అట్లే కొట్టు" అంది.

చీర మగ్గం దిగిన రోజు నేనూ నా భార్యా వెళ్లాం. ఆమె కట్టుకొచ్చి ఆయన మంచం పక్కన కూర్చుంది. ఆయన ఎడమ చేత్తో అంచు పట్టుకుని, ఒక చిలక దగ్గర నుంచి ఇంకో చిలక దగ్గరికి, వేలితో ఆ గింజలనే తడుముతూ పోయాడు.

"చీరంతా తప్పే" అన్నాడు మెల్లగా.

"చీరంతా గింజలే" అంది మా అత్త.

మామ పోయి కర్మలన్నీ అయ్యాక, మేము బయలుదేరుతుంటే ఆమె పోపుల డబ్బా తెచ్చింది. డబ్బా బామ్మర్దికి ఇచ్చింది. అందులోంచి ఒక్క గిన్నె మాత్రం తీసి నా చేతిలో పెట్టి, "నీవాండ్లను నువ్వు తీసుకపో" అంది. అది ఇప్పుడు నా దుకాణంలో స్క్రూల డబ్బాల మధ్య ఉంది. దాన్ని ముట్టుకున్నవాడికి మిక్సీ రిపేరు చేయను.

పోయిన నెల మళ్లీ ధర్మవరం వెళ్లాం. వంటింటి కిటికీలో ఒక ఉర్లగడ్డ ఉంది. మామ పోయే ముందురోజు, నేను తెచ్చిచ్చిన కొత్త పాళీలను గుచ్చి పెట్టుకున్నాడట. ఇంకో అంచు మొదలుపెట్టే ఆలోచన ఉన్నట్టుంది. ఎవరికోసమో చెప్పలేదు. ఆ గడ్డను మా అత్త కదిలించలేదు, ఎవరినీ కదిలించనివ్వలేదు. తుప్పు పట్టడం మొదలైన పాళీల నడుమ నుంచి లేతాకుపచ్చ మొలకలు లేచాయి. అవి వెలుతురు కోసం కిటికీ వైపు వాలుతున్నాయి. మా అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, మొలకలు తిన్నగా నిలబడేటట్టు గడ్డను కొంచెం పక్కకు తిప్పి, మళ్లీ పోయి అన్నం చూసుకుంది.