మెత్తబావ తమలపాకులు

ఆ రోజుల్లో ఎర్రగుంట్ల పక్క నాపరాతి గనుల్లో నేనొక కేక వేస్తే లారీ దానంతటదే నిండేదని జనం చెప్పుకునేవారు. (జనమంటే, ముఖ్యంగా నేనే.) బండలెత్తే హమాలీలకు మేస్త్రిని. రెండో ముఠాకు మేస్త్రి మా ఆవిడ అన్న, మెత్తబావ. ఆయన గొంతు పెంచగా అప్పటిదాకా నేనెన్నడూ వినలేదు. లారీ నీడలో తువ్వాలు పరుచుకుని, తమలపాకు నములుతూ, "మీకు తెలీనిదేముండాదప్పా, కానీండి" అనేవాడు. అంతే, బండలు చకచకా ఎక్కేవి. నేను గొంతు చించుకున్నా నా లారీ వెనకే. మా ఇద్దరిలో ఒకరిని పెద్దమేస్త్రిని చేస్తానని గని సావుకారి అన్న నాటి నుంచి, ఆకు ఆయన నమిలితే మంట నా కడుపులో పుట్టేది.

కిటుకంతా ఆ కూర్చోవడంలోనే ఉందని తేల్చుకున్నాను. అదునుగా, వానల్లేక కోయిలకుంట్ల వైపు నుంచి కొత్తవాళ్లు నా ముఠాలోకి వచ్చారు. సేద్యం చేసిన చేతులే గాని బండ ముట్టి ఎరగరు. నేను తువ్వాలు పరిచాను, ఆకు బుగ్గన పెట్టాను. "ఎట్ల పేర్చల్ల మేస్త్రీ?" అని ఒకడు అడిగితే, "మీకు తెలీనిదేముండాదప్పా, కానీండి" అన్నాను, బావకన్నా మెత్తగా. పాపం, వాళ్లు బండల్ని జొన్నరొట్టెల్లా ఒకదానిమీదొకటి పడుకోబెట్టారు. నాపరాయిని అంచుమీద నిలబెట్టి ఆనించాలి. పడుకోబెడితే కుదుపుకు పగులుతుంది. లారీ గని గేటు దగ్గర గుంతలో దిగిందో లేదో, పటపటమని శబ్దం. సావుకారి పరుగున వచ్చి, "ఏమప్పా, బండలకు నిద్రొచ్చిందని పండబెట్టినావా?" అన్నాడు.

అప్పుడు మెత్తబావ ఆకు ఉమ్మేసి లేచి, నా కొత్తవాళ్లచేత లారీ మళ్లీ నింపించసాగాడు. "ఈడ పట్టు! నిలబెట్టు! ఆనించు! వేళ్లు తీయరా!" గని అదిరింది. ప్రతి బండకూ వాళ్లతో పాటు తన చెయ్యీ వేశాడు. పొద్దు వాలేకొద్దీ వాళ్ల చేతులు కుదురుకున్నాయి, ఆయన గొంతు దిగింది. చివరికి ఏమీ అనకుండా నీడకొచ్చి కూర్చున్నాడు. తన పాతవాళ్ల దగ్గరా ఒకప్పుడు ఇట్లాగే అరిచి ఉంటాడు. (నేను గనిలో చేరేసరికి ఆయన ఆకు నమిలే దశకొచ్చాడు, నా ఖర్మ!)

పెద్దవాడన్న గౌరవంతో పెద్దమేస్త్రి పదవి బావకే వదిలేశాను. ఇప్పటికీ ఆయన ఆకు మడుస్తుంటే నాకు కొంచెం మండుతుంది, కొంచెం నవ్వొస్తుంది.

ఇంతదాకా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె రొట్టె తట్టడం ఆపలేదు.

"వదిలేసినావా? మా అన్న సావుకారికి అడ్డం పడకుంటే ఆ పొద్దే నిన్ను గనిలోంచి తరిమేసుండేవాడు. ఇంకోటి రాయలేదేం? నువ్వు నమిలిన ఆ ఆకు గూడా మా అన్న సంచిలోదే!"