బేబి తేనె మాస్కు

అనంతగిరి సంతకి వెళ్ళినప్పుడల్లా బేబి షాంపూల కొట్టు ముందు గొంతుక్కూర్చుంటుంది. ఎండుగడ్డిలా లేచే తన ఉంగరాల జుట్టు కోసం కొబ్బరిపాల మాస్కు, కలబంద మాస్కు, గుడ్డు మాస్కు అన్నీ వాసన చూసి ఒకటి ఎంచుకుంటుంది. ఇల్లు చేరేసరికి ఇంకోటే నయమనిపిస్తుంది. ఈసారి తేనె మాస్కు తెచ్చుకుంది. అరగంటాగి కడిగేయమని కొట్టువాడు చెప్పాడు. తలకి ఆముదం పెట్టుకుని ఎవరైనా వెంటనే కడుక్కుంటారా? ఇదీ అంతేననుకుని బేబి కడుక్కోలేదు. నిగనిగలాడే కొప్పు చుట్టుకుని టూరిస్టుల ముందు థింసా ఆడడానికి నిలబడింది.

పక్కనే వలిసె తోట పసుపుపచ్చగా పూసి ఉంది. అందులోని తేనెటీగలు పూలు వదిలేసి కొప్పు మీద వాలాయి. థింసాలో ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకున్నాక డప్పు ఆగేదాకా వదలరు. బేబి తల విదిలించి గెంతింది. ఆమెతోపాటు వరసంతా గెంతింది. "ఏటే గుంటా, బుర్రకేటి రాసినావు?" అని పక్కనున్న సోములమ్మ అరిచింది. "తేనె, పిన్నీ! సెయ్యి ఒగ్గీకు, పడిపోతాను!" అంటూ బేబి నవ్వాపుకోలేకపోయింది. కొత్త అడుగేమోనని టూరిస్టులూ తలలు విదిలిస్తూ గెంతారు. డప్పు ఆగాక సోములమ్మ ఒక చేత్తో ఉబ్బిన ముక్కు పట్టుకుని, రెండో చేత్తో బేబి జుట్టు తడిమింది. "ఓలమ్మ, పట్టులాగుందే! నాకూ ఒకటి అట్టుకురా."