నలభై ఒకటో నంబరు గైర్హాజరు

విద్యుత్ నియంత్రణ మండలి ఆఫీసు రెండో అంతస్తులో, విచారణ హాలు తలుపు దగ్గర ఉండే బంట్రోతును అందరూ కంచు అనేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడేది కాదు. ఆయన పిలిస్తే కింద వీధిలో పోయేవాడు కూడా ఆగి, తనను కాదు కదా అని చూసుకునేవాడు. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా మూడుసార్లు పిలిచేవాడు. ఇదేం విచారణ హాలా అని భార్య విసుక్కునేది.

మూడుసార్లు పిలవడమే ఆయన ఉద్యోగం మరి. కరెంటు చార్జీల మీదో, కొత్త సౌర విద్యుత్ కేంద్రం మీదో బహిరంగ విచారణ పెట్టినప్పుడు, అభ్యంతరాలు రాసిచ్చినవాళ్ళను నంబరు వారీగా పిలవాలి. మొదటి పిలుపు తలుపు దగ్గర, రెండోది వరండాలో, మూడోది మెట్ల పైన నిలబడి కిందికి. మూడింటికీ మనిషి పలక్కపోతే గుమాస్తా 'గైర్హాజరు' అని రాస్తాడు. ఆ మాట పడిందా, కాగితంలో ఎంత న్యాయం ఉన్నా మండలి దాన్ని చూడదు. ఇరవై ఆరేళ్ళపాటు కంచు ఆ మూడు చోట్లా నిలబడే పిలిచాడు, ఒక్క రోజు తప్ప.

ఆ రోజు పాత బొగ్గు కేంద్రం మూసివేత మీద విచారణ. నూట పన్నెండు అభ్యంతరాలు వచ్చాయి. లిఫ్టు చెడిపోయింది. అధ్యక్షులవారు గడియారం చూసుకుని, కాస్త త్వరగా కానివ్వమన్నారు. పెద్దవాళ్ళ 'కాస్త' ఎంతో కిందివాళ్ళకు ఎవరు కొలిచి చెప్తారు? కంచు తలుపు దగ్గర్నుంచి కదలకుండానే నలభై ఒకటో నంబరును ఒక్క ఊపిరిలో మూడుసార్లు పిలిచేశాడు. గుమాస్తా రాసేశాడు.

నలభై మూడో నంబరు మాట్లాడుతుండగా ఒక పెద్దాయన గోడ పట్టుకుని వరండాలోకి వచ్చాడు. ఆ బొగ్గు కేంద్రంలోనే ముప్పై ఏళ్ళు బాయిలర్ దగ్గర పనిచేసినవాడు. చేతిలో నలభై ఒకటి అని రాసిన చీటీ ఉంది. ఊపిరి కుదుటపడే దాకా కంచు ఆగి, రాసేశారనీ, ఇక కుదరదనీ చెప్పాడు.

"మెట్ల మీంచి పలికానయ్యా. నా గొంతు నీ అంత పెద్దది కాదుగా," అన్నాడు పెద్దాయన.

గొడవ పడలేదు, తిట్టలేదు. బెంచీ మీద కాసేపు కూర్చుని, ఎక్కిన మెట్లన్నీ దిగి వెళ్ళిపోయాడు. అసలు సంగతేమిటంటే ఆ పలుకు కంచుకు వినబడింది. మూడో పిలుపు వెనకే కింద నుంచి ఒక దగ్గు, దాని వెంట 'ఉన్నానండీ' లాంటిదేదో వచ్చింది. వినీ, నలభై రెండు అని కేక వేశాడు.

కేంద్రం మూశారు. మంచిదే, ఆరేసిన బట్టల మీద బూడిద పడటం ఆగింది. పగలంతా ఎండ కరెంటు పుష్కలం. చిక్కంతా పొద్దు వాలాకే. పగటి కరెంటు దాచిపెట్టే బ్యాటరీల కేంద్రం కట్టడం సగంలోనే ఉంది. ఎండాకాలం ఒక సాయంత్రం కార్మికుల కాలనీకి యాభై నిమిషాలు కోత పెట్టారు. ఆక్సిజన్ యంత్రం మీద రోజులు నెట్టుకొస్తున్న పెద్దాయన ఆ యాభై నిమిషాల్లోనే పోయాడు. కంచు పేపర్లో ఫొటో చూసి గుర్తుపట్టాడు.

అక్కడి నుంచి ఆయన బతుకు తేలు కుట్టిన దొంగ బతుకైంది. ఎవరితో చెప్పుకుంటాడు? చప్పుడు సద్దుమణిగిన ప్రతిచోటా ఆ దగ్గు వినబడేది. కుళాయి కట్టేస్తే దగ్గు, బస్సు ఇంజను ఆపితే దగ్గు. ఎవరో పలికారు, విన్నావా అని భార్యను అడిగేవాడు. ఆవిడ మొదట్లో నవ్వింది, తర్వాత భయపడింది. విచారణ రోజుల్లో మూడో పిలుపుకు మెట్లన్నీ దిగి, వీధి గుమ్మం దాకా వెతికి వచ్చేవాడు. కంచు జనాభా లెక్కలు రాస్తున్నాడని లాయర్లు వేళాకోళం చేశారు. వాళ్ళకేం, నోరుంది. ఒక మధ్యాహ్నం ఖాళీ మెట్ల వైపు చూస్తూ, మెల్లగా రండి, నేనాగుతాను అన్నాడు. ఎవరూ లేరని ఆయనకు తెలుసు. అయినా చాలాసేపు ఆగాడు.

ఏడాది తిరక్కుండా పెద్దాయన కూతురు ఆఫీసుకు వచ్చింది. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. మూసివేత ఉత్తర్వును తిరిగి చూడమని అర్జీ తెచ్చింది. నాన్న ఎలాగూ తిరిగి రాడనీ, కాలనీలో అలాంటి యంత్రాలున్న ఇళ్ళు ఇంకా పది ఉన్నాయనీ, మళ్ళీ ఎండాకాలం వస్తోందనీ చెప్పింది. గైర్హాజరైనవాళ్ళ అర్జీ చెల్లదని, పిలుపు సరిగ్గా జరగలేదన్న రుజువుంటే తప్ప తీసుకోలేమని కార్యదర్శి అన్నాడు. ఆమె ఫైలు సంచీలో పెట్టుకుని మెట్ల వైపు నడిచింది.

కంచు వెనకే వెళ్ళాడు. "మీ నాన్నగారు పలికారమ్మా," అన్నాడు. "నేను విన్నాను. వినీ తర్వాతి నంబరు పిలిచాను."

ఆమె సంచీ మెట్టు మీద పెట్టి ఆయన వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననీ అనుకున్నాడు.

"ఆ మాట కాగితం మీద రాసిస్తారా?" అంది.

కార్యదర్శి ఆయన్ను గదిలోకి పిలిచి, ఇంకో ఏడు నెలల్లో రిటైరయ్యేవాడివి, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని హితవు చెప్పాడు. తొక్కిన కాలేనండీ ఇది అని కంచు సంతకం పెట్టాడు. ఆయన మీద విచారణ తేలే దాకా సస్పెండు చేశారు.

అర్జీ విచారణకు వచ్చిన రోజు కంచు హాల్లో సాక్షిగా కూర్చున్నాడు. మండలి ఆయన మాట నమ్మి, నలభై ఒకటో అభ్యంతరాన్ని చదవమంది. కూతురు లేచి చదివింది. బొగ్గు కేంద్రం మూయవద్దని ఆ పెద్దాయన అడగనే లేదు. ఆ బూడిద ముప్పై ఏళ్ళు మింగినవాణ్ణి, మూస్తే నాకంటే సంతోషించేవాడుండడు అని రాశాడు. పొద్దు వాలాక పెద్ద బ్యాటరీలు అందుకునే దాకా, యంత్రాలతో ఊపిరి పీల్చేవాళ్ళున్న పదకొండు ఇళ్ళకు తలా ఒక చిన్న బ్యాటరీ ఇప్పించమని మాత్రమే కోరాడు.

అధ్యక్షులవారు కరెంటు కంపెనీ లాయరు వైపు చూశారు.

"మాకేం అభ్యంతరం లేదండీ," అన్నాడు లాయరు. "అప్పుడే అడిగి ఉంటే అప్పుడే పెట్టేవాళ్ళం."

నెల లోపల అమర్చాలని ఉత్తర్వు చెప్పి, మండలి తర్వాతి ఫైలు తీసింది. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టింది. కూతురు కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. తర్వాత కంచు వైపు తిరిగింది.

"ఇంతేనా అండీ?" అని అడిగింది.

"ఇంతేనమ్మా," అన్నాడు కంచు.