వేలికి తెలియని మడత

ఇంజను బండిలో బిగించే ముందు నూనె కారకుండా ఆపే గాస్కెట్లూ సీళ్ళూ అన్నీ మార్చేయాలన్నది మేస్త్రి పెట్టిన రూలు. బిగించాక వెనక సీలు కారిందా, మళ్ళీ గేర్‌బాక్సు విప్పాల్సిందే. చేతి గాజు కన్నా కాస్త పెద్ద రబ్బరు చుట్టు కోసం రెండు రోజుల చాకిరీ. ముప్పై ఏళ్ళుగా ఆ షెడ్డులో వెనక సీలు ఆయనే వేస్తున్నాడు. బావమరిదికి పానా పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. ఆ బావమరిదే ఇప్పుడు షెడ్డుకి యజమాని.

సీలు వేయడంలో కళ్ళకి పెద్దగా పని లేదు. దాని లోపలి అంచుకి, అంటే లిప్పుకి, నూనె రాసి, చెక్క దిమ్మ అడ్డం పెట్టి, చుట్టూ సుత్తితో సమంగా తట్టుకుంటూ కూర్చోబెట్టాలి. చివర్లో చూపుడువేలిని లిప్పు చుట్టూ ఒకసారి తిప్పాలి. అంచు ఎక్కడైనా మడత పడితే వేలికి తగులుతుంది. ఏడాదిగా మేస్త్రి వేలికి ఏదీ తగలడం లేదు. షుగరు తెచ్చిన తిమ్మిరి పాదాల్లో మొదలై చేతివేళ్ళ కొసలకి పాకింది. కాగుతున్న టీ గిన్నెను వట్టి చేత్తో పొయ్యి మీంచి తీసి, తాపీగా పక్కన పెట్టిన రోజున భార్య పసిగట్టేసింది.

"తమ్ముడికి చెప్పేయరాదూ?"

"చెప్తే? కొత్త వేళ్ళు కొనిస్తాడా?"

ఆ పని పోతే షెడ్డులో తానెవరో ఆయనకే తెలియదు. అందుకని నలుగురూ చూస్తుండగా వేలు తిప్పుతూనే ఉన్నాడు. ఏడాది పాటు అదృష్టం కాపాడింది.

ఒక టీచరమ్మ కారుతో అది కాస్తా తీరిపోయింది. బండి తీసుకెళ్ళిన మూడో రోజే ఆవిడ తిరిగొచ్చింది. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య నుంచి నూనె బొట్లు పడుతున్నాయి.

"కొత్త సీలు కదండీ, సర్దుకోవడానికి నాలుగు రోజులు పడుతుంది" అన్నాడు బావమరిది.

అలా సర్దుకునే సీలు లోకంలో లేదు. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. "సర్దుకోదమ్మా. తప్పు నాది. బండి వదిలి వెళ్ళండి."

గేర్‌బాక్సు విప్పితే లిప్పు మీద గోరంత మడత కనిపించింది. బావమరిది దాన్ని చూసి, తర్వాత ఆయన వేళ్ళ వంక చూశాడు.

"ఎన్నాళ్ళుగా, బావా?"

"ఏడాది."

"నాకో మాట చెప్పకూడదూ? నేనేమన్నా పరాయివాణ్ణా?"

ఆ గొంతులో ఉన్నది నిజమైన బాధే. ఆ బాధతోనే మర్నాడు ఆయన పనిముట్ల పెట్టెను ఇంకో మెకానిక్కుకి ఇచ్చేసి, ఆయనకి ముందు గదిలో ఫ్యాను కింద కుర్చీ వేయించాడు.

టీచరమ్మ పదిమందికి చెప్పింది, ఆ షెడ్డులో తప్పు చేస్తే ఒప్పుకుంటారని. గిరాకీ పెరిగింది. నిజాయితీ వృథా పోదనేవాళ్ళు అబద్ధం చెప్పరు. దాని ఫలం ఎవరికి దక్కుతుందో మాత్రం చెప్పరు. ఇన్నాళ్ళూ "బావా, ఆ పానా ఇటియ్యి" అన్నవాడు ఇప్పుడు కస్టమర్ల ముందు "మా బావగారండీ" అంటున్నాడు.

"ఆయన నోరు మెదపకపోతే ఎవరికి తెలిసేదండీ? కానీ ఒప్పుకున్నారు. అదీ మా షెడ్డు. బావగారూ, ఒక్కసారి వీళ్ళకి చెప్పండి."

ఆయన చెప్పేవాడు. మొదట్లో మాటమాటకీ వెతుక్కునేవాడు. పోనుపోను మాటలు వాటంతటవే వచ్చేవి.

"పోనీలెండి, నీడపట్టున కూర్చోబెట్టాడు" అంది భార్య.

"బట్టల కొట్లో బొమ్మని కూడా నీడపట్టునే నిలబెడతారు."

ఒక మధ్యాహ్నం కొత్త కస్టమరుకి ఆ కథే చెబుతుండగా లోపల సుత్తి చప్పుడు వినిపించింది. ఎవరో సీలు కూర్చోబెడుతున్నారు. దెబ్బ ఒక పక్క మొద్దుగా, ఇంకో పక్క బోలుగా పడుతోంది. సీలు వంకరగా దిగుతోంది. ఆయన చెవులకి ఇంకా షుగరు సోకలేదు. ఇప్పుడు ఆపితే అయిదు నిమిషాల్లో సరిచేయొచ్చు. కుర్చీలోంచి సగం లేచాడు.

"ఏం బావగారూ, నీళ్ళు కావాలా?" అన్నాడు బావమరిది, కస్టమరు వైపు నవ్వుతూ.

మేస్త్రి లోపలి తలుపు వంక చూశాడు. నోరు విప్పితే ఏమవుతుందో ఆయన ఒకసారి చూసేశాడు.

"ఏం లేదు. కాలు తిమ్మిరెక్కింది" అని కూర్చున్నాడు.

లోపల సుత్తి ఆగింది. ఇంజనును బండిలోకి దించే గొలుసు గలగలమంటూ కదిలింది.

"ఆ తర్వాత ఏమైందండీ?" అని అడిగాడు కస్టమరు.

ఆయన ఆపినచోటు నుంచి మళ్ళీ అందుకున్నాడు.